ఎడమ పక్క వంత

ఉదయం నంద్యాలలో టీ తాగుతుండగా పక్కింటి మామ కొడుకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పోయినాడు" అన్నాడు. ఆ వెంటనే, "పేపర్లో బుర్రకథ కళాకారుడు అని మాత్రం ఏయి. కళాతపస్వి అని గిని రాస్తే లేచొస్తానని చెప్పినాడు" అన్నాడు. మర్నాడు మా పేపరు జిల్లా పేజీలో ఆయన చెప్పినట్టే వేశాం. నాయకుల ప్రకటనల్లో మాత్రం ఆయన కళాతపస్వి అయిపోయాడు. వాటిని ఆపడం నా చేతిలో లేదు.

పగలు ఆయన దర్జీ. పిలిచిన సాయంత్రాలు బుర్రకథలో వంత. బుర్రకథలో నడుమ కథకుడు నిలబడతాడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కుడివైపు వంత నవ్విస్తాడు. ఎడమవైపు వంత పని వేరు. రాజుల కథను మధ్యలో ఆపి, ఇప్పటి ఊళ్లోకి తెచ్చి, ఇప్పటి పెద్దలను నిలదీస్తాడు. కథకుడు "నువ్వేమంటావప్పా?" అని అడిగితే ఆయన వంతు వచ్చినట్టు. ఇది ఎవరో దయతో ఇచ్చిన అనుమతి కాదు, ఆటలోనే ఉన్న భాగం. మామ జీవితమంతా ఎడమ పక్కనే నిలబడ్డాడు.

గుమ్మెటను షాపులో కుట్టుమిషను పక్కన, కిటికీ ఎండ తగిలేచోట పెట్టేవాడు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు గొప్పలు మొదలుపెడితే దాని మీద వేలితో ఒక్క దెబ్బ వేసేవాడు. వాళ్లకు అర్థమయ్యేది.

వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఒక క్రిస్మస్‌కు గడివేముల దగ్గర ఒక ఊళ్లో బైబిలు కథ చెబుతూ, ముందు వరసలో ఉన్న పాస్టరును అందుకున్నాడు. "అయ్యగారూ, ప్రభువు మూడో దినమే లేచినాడు. మీ ప్రసంగంలో పండుకున్నోళ్లు ఇంగా లేయలేదు." పాస్టరు ముందు బిగుసుకుపోయి, తర్వాత అందరికంటే ఎక్కువగా నవ్వాడు. మరుసటి ఏడూ పిలిచాడు.

అందరూ పాస్టర్లు కారు. ఆళ్లగడ్డ తిరునాళ్లలో ముందు సోఫాలో ఒక నాయకుడు కూర్చున్నాడు. పంటకాలువకు ఆయన శంకుస్థాపన చేసి చాలాకాలమైంది, నీళ్లు రాలేదు. మామ వంతు వచ్చింది. "అన్నా, నీ పేరు చెక్కిన రాయి మా కాడికొచ్చింది. మన ఆళ్లగడ్డ శిల్పుల పని, బాగుండాది. నీళ్లే దారి తెలీక యాడ తిరుగుతాండాయో. ఆ రాయి కాడ ఒగ మనిషిని నిలబెట్టు, ఇట్ల రాండి అని చెప్తాడు." జనం ఈలలు వేశారు. నాయకుడూ నవ్వాడు. కథ ముగిశాక ఆయన మనుషులు వేదిక వెనక్కి వచ్చి మట్టి గుమ్మెటను కాలితో తొక్కి పగలగొట్టారు. ఫిర్యాదు ఇవ్వబోతే స్టేషన్లో, "కథ చెప్పుకోక నీకు రాజకీయాలేందప్పా?" అని అడిగారు. మామ తర్వాత ఇత్తడి గుమ్మెట కొన్నాడు. "దీన్ని తొక్కితే వాళ్లకే కాలు నొస్తాది" అన్నాడు.

అప్పటి నుంచి ఆ తాలూకాలో నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. దళం రావచ్చు, ఎడమ పక్క వంత నోరెత్తకూడదు. మామ ఒప్పుకున్నాడు. తర్వాతి ఆటకు ముందు సోఫాలో మళ్లీ ఆ నాయకుడే ఉన్నాడు. కథకుడు మామూలుగానే "నువ్వేమంటావప్పా?" అని అడిగాడు. మామ ఏమీ అనలేదు. గుమ్మెట పట్టుకుని ముందు సోఫా వైపు చూస్తూ నిలబడ్డాడు. జనానికి అర్థమై ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. కాలువ మాటకు కూడా అంత నవ్వు రాలేదు. మరుసటి రోజు నాయకుడి మనుషులు నిర్వాహకుల దగ్గరికి వెళ్లి, ఆ మనిషి మౌనంగా ఉండటం కూడా కుదరదని చెప్పారు. ఈ వార్త నేనే రాశాను. ఖండన రాలేదు.

ఇక నవ్వించేవాళ్లలో రెండో రకం. నంద్యాలలో వీడియోలు చేసే ఒక హాస్యగాడున్నాడు. మామ దళం పాల్గొన్న సభలోనే అతనికీ మైకిచ్చారు. ముందు వరసలో అదే నాయకుడు. హాస్యగాడు ఆయనకు వంగి దండం పెట్టి, బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టు నడిపే ఒక వితంతువు మీద జోకులు మొదలుపెట్టాడు. పేరు చెప్పలేదు, కొట్టు గుర్తులన్నీ చెప్పాడు. ఆమె వెనక వరసలో ఉంది. లేచి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మామ మైకు తీసుకున్నాడు. "ఏమప్పా, ముందర ఇంతమంది పెద్దోళ్లు కూచోనుంటే ఒగరూ కనపల్లేదా నీకు?"

"ఆర్టిస్టుకు ఫ్రీడమ్ ఉంటాది మామా."

"ఉంటాది. దాన్ని ఎత్తుకోని అంత వెనక్కి పోయినావే, ఈడనే సోఫా ఉండాది గదా."

ఈసారి నాయకుడు నవ్వలేదు.

అతని మీద కేసు పెట్టించకపోయావా అని తర్వాత అడిగాను. మామ సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పాడు. "ఈ పొద్దు వాని మింద పెట్టిస్తే రేపు అదే సెక్షను నా మింద పెడ్తారు విలేకరీ. కేసొద్దు. ఆమె కొట్టు కాడికి పోయి, నలుగురూ ఇనేటట్ల తప్పయిందని చెప్పమన్నా. మైకు లేనోళ్ల మింద మైకు ఎత్తగూడదు, అంతే." హాస్యగాడు వెళ్లలేదు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. మామ మాత్రం ఇంట్లో టిఫిను మానేసి ఆ కొట్టుకే వెళ్లేవాడు. దూరం నుంచే "అక్కా, ఇడ్లీ అయిపోయిందా?" అని వీధంతా వినేలా అడిగేవాడు. ఆ పిలుపు విని మిగతావాళ్లూ అక్కా అనడం మొదలుపెట్టారు.

ఆళ్లగడ్డలో తిరునాళ్లు జరిగే మైదానంలోనే సంతాపసభ పెట్టారు. నాయకుడు వచ్చాడు, హాస్యగాడు వచ్చాడు. నాయకుడు ఫొటోకు శాలువా కప్పి, "కళాకారుడి గొంతు నొక్కే హక్కు ఎవరికీ లేదు" అన్నాడు. ఆ శాలువా ట్రేలో పెట్టి అందించినవాడు గుమ్మెట తొక్కినవాళ్లలో ఒకడు. హాస్యగాడు మామను తన గురువన్నాడు. తన ఫోన్లో తానే వీడియో తీసుకుంటూ అన్నాడు. ఇడ్లీ కొట్టు ఆమె ఈసారీ వెనక వరసలోనే కూర్చుంది.

చివర్లో దళం వాళ్లు కాసేపు కథ చెబుతామన్నారు. నడుమ కథకుడు, కుడివైపు వంత. ఎడమవైపు ఒక కుర్చీ వేసి దాని మీద ఇత్తడి గుమ్మెట పెట్టారు. కథ కొంత నడిచాక కథకుడు అలవాటు ప్రకారం ఆగి అటు తిరిగాడు.

"నువ్వేమంటావప్పా?"

కథకుడు తొందరపడలేదు. జనమంతా గుమ్మెటను చూశారు, తర్వాత నాయకుడు కూర్చున్న సోఫాను చూశారు. మొదటి నవ్వు వెనక వరసల్లోంచి వచ్చింది, ఒక ఆడమనిషి గొంతు. నాయకుడు భుజం మీద కండువా సర్దుకున్నాడు. హాస్యగాడు ఫోను దించాడు. కథకుడు ఇంకా ఎడమవైపే తిరిగి నిలబడి ఉన్నాడు, జవాబు కోసం.