నిశ్శబ్దం గారు వేసిన అతుకు

మా రికార్డింగ్ గదిలో అతన్ని అందరూ నిశ్శబ్దం గారనే పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఎంత గొప్ప పండితుడు వచ్చి కూర్చున్నా సరే, మైకు ముందు నోరు విప్పబోయేసరికి ఇతను చెయ్యెత్తి, "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి, గది మౌనం తీసుకోవాలి" అనేవాడు. ఏ గది మౌనం ఆ గదిదేనట. ఫ్యాను హోరు, కిటికీ బయటి వీధి, గోడల బోలుతనం అన్నీ అందులో ఉంటాయట. తర్వాత దగ్గులూ తడబాట్లూ కోసేసినచోట ఆ మౌనం ముక్క ఒకటి అతికిస్తే, కోత పడినట్టు వినేవాళ్లకి తెలియదు. నాకేమో ముక్కు మీద కోపం. ఆ నిమిషం నాకు ఎంతకీ అయ్యేది కాదు.

"మధ్యలో దగ్గొస్తే ఏం చెయ్యమంటావు తమ్ముడూ?" అంటే, "మింగెయ్యండక్కా" అనేవాడు. అతను వేసిన జోకు నాకు తెలిసి అదొక్కటే. దాన్నే మళ్లీ మళ్లీ వేసేవాడు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. క్రైస్తవ దైవశాస్త్రం తొలినాళ్ల నుంచి నేటిదాకా ఎలా నడిచిందో పండితుల చేతనే చెప్పించాలని ఒక రేడియో వాళ్లు సంభాషణలు మొదలుపెట్టారు. అడగడం నా పని, రికార్డు చేసి సాపు చెయ్యడం అతని పని. సాపు చేసే పని ఇంట్లో చేసుకునేవాడు. పక్కనే వాళ్లావిడ మిషన్ మీద బట్టలు కుడుతూ వినేది. నన్ను వదినా అనేది, నేనూ మరదలిలాగే చూసుకునేదాన్ని. ఆవిడవి పాము చెవులు. "ఈ పండితుడికి గుటకలెక్కువండీ, మంచినీళ్లు పెట్టలేదా?" అని మొగుణ్ణి ఆట పట్టించేది. "ఇక్కడ కుట్టు కనబడుతోంది, విప్పి మళ్లీ వెయ్యండి" అనేది. అతను మారు మాట్లాడకుండా విప్పి మళ్లీ వేసేవాడు. ఆవిడ సరేనంటే తప్ప ఏ సంభాషణా ఆ ఇల్లు దాటేది కాదు.

వాళ్లది ప్రేమ పెళ్లి. ఇద్దరూ క్రైస్తవులే గాని చర్చి సంఘాలు వేరు. ఆవిడ సంఘంలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే జ్ఞానస్నానం ఇప్పిస్తారు. అతని సంఘంలో అయితే బాప్తిస్మమనే ఆ స్నానాన్ని ఊహ తెలిశాక, మనిషి తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకుని తీసుకోవలసిందే. పెళ్లికి అడ్డు రాని ఈ తేడా పాప పుట్టాక అడ్డొచ్చింది. ఆవిడ తెల్ల గౌను కుట్టి సిద్ధం చేసింది. "కాస్త ఆగుదామే, పెద్దదై తనే అడగనీ" అన్నాడతను. రెండు వైపులా ఒకటే వాదన. వీళ్లు ఆగారు గాని పాపకొచ్చిన జ్వరం ఆగలేదు. నెత్తిన ఒక్క నీటి చుక్కయినా పడకుండా పాప పోయింది. ఆ గౌను తొడిగే పూడ్చిపెట్టారు.

ఆ తర్వాత పాప మాట అతని నోట వినలేదు. ఆవిడ ఎత్తితే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. నోట్లో నాలుక లేని మనిషని సరిపెట్టుకుందో, లోపలే కుమిలిందో, ఆవిడ ఇంకో బిడ్డ కావాలని కూడా అడగలేదు.

ఏళ్లు గడిచాక ఆవిడ కడుపులో క్యాన్సర్ బయటపడింది. ఆసుపత్రి వాళ్లు ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని తల దువ్వుతుంటే అడిగింది.

"వదినా, జ్ఞానస్నానం లేని పిల్లలకి పరలోకం లేదని మా అమ్మమ్మ అనేది. నేను పోతే పాప ఉన్నచోటికి పోతానా, లేనిచోటికి పోతానా?"

గుమ్మంలో నిలబడి అతనూ విన్నాడు.

"మీ ఫాదర్‌ని అడిగావామ్మా?" అన్నాను.

"అడిగాను. ప్రార్థన చేసుకోమన్నారు. మీ దగ్గరికి అంత చదివినవాళ్లు వస్తారు కదా, ఒక్కళ్లనైనా అడగండి."

మర్నాడు స్టూడియోలో వైర్లు చుడుతూ అతను నోరు విప్పాడు. "అక్కా, ఆ ప్రశ్న అందర్నీ అడగండి. ఎవరో ఒకరు అవునంటే చాలు. నేను చెబితే నమ్మదు. ఆగమన్నది నేనే కదా."

అడిగాను. తొలి శతాబ్దాల చరిత్ర తెలిసినాయన, అయిదో శతాబ్దంలో ఒక గొప్ప బిషప్పు అలాంటి బిడ్డలకు పరలోకం లేదన్నాడనీ, కాని వాళ్లకు పడేది అన్నిటికన్నా తేలికైన శిక్ష అన్నాడనీ చెప్పాడు. "పాలు తాగే బిడ్డకి తేలికైన శిక్షేమిటండీ?" అన్నాను. అప్పటికది కాస్త దయగల మాటేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. మధ్యయుగాల మీద పుస్తకాలు రాసినావిడ, ఆ కాలపు పండితులు శిక్ష తీసేసి పరలోకం అంచున ఒక చోటు చూపించారంది. అక్కడ బాధ ఉండదట, దేవుడి దర్శనమూ ఉండదట. ఇంకొకాయన, చర్చి చీలిపోయిన సంస్కరణ నాటి వాదాలన్నీ విప్పి, విశ్వాసుల బిడ్డలు దేవుడిచ్చిన వాగ్దానం వల్ల పుట్టుకతోనే ఆయనవాళ్లని కొందరూ, ఊహ తెలియని బిడ్డని దేవుడు లెక్క అడగడని కొందరూ అన్నారని చెప్పాడు. ఆ చివరి మాట విని నిశ్శబ్దం గారి మొహం విప్పారింది. ఇంటికి తీసుకెళ్లి వినిపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆ మాటన్నది మీ వైపు వాళ్లండీ. మా వైపు వాళ్లు అనాలి."

ఎవరెప్పుడు ఏమన్నారో అందరూ చెబుతారు. మీరేమంటారంటే మాత్రం నీళ్లు నములుతారు. ఇంత జ్ఞానం ఉండి ఏం లాభం అని తిట్టుకుంటూ ఇంటికి పోయేదాన్ని.

ఆఖరికి ఆవిడ సంఘంలోనే అందరూ గౌరవించే ముసలి ఫాదర్ ఒకాయన ఒప్పుకున్నారు. కదలలేరు కాబట్టి ఆయన గదికే వెళ్లాం. గోడకి పాత గడియారం ఒకటి, మేకు కొడుతున్నట్టు టిక్కుటిక్కుమంటోంది. ఆ రోజు నిశ్శబ్దం గారికి ఆత్రం ఆగలేదు. ఎప్పుడూ లేనిది, మైకు పెట్టీ పెట్టగానే "కానివ్వండక్కా" అన్నాడు. గది మౌనం తీసుకునే నిమిషం తప్పిందని నేను సంతోషించాను.

ఫాదర్ ప్రసంగం చేస్తున్నట్టు మాట మాటకీ ఆగి చెప్పారు. "అటువంటి బిడ్డలు దేవుని దగ్గరే ఉన్నారు... అని మనం గట్టిగా ఆశపడవచ్చు. వాళ్లని ఆయన దయకే అప్పగిస్తాం. ఖాయంగా ఉన్నారు... అని సంఘం చెప్పదు."

"ఆశ సంగతి కాదు ఫాదర్. అవునా, కాదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెప్పాలనే ఉందమ్మా. సంఘం చెప్పనిది నేనెలా చెప్పను?"

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మంచం పక్కన స్పీకరు పెట్టి ఉంది. ఆవిడ చిక్కి సగమైంది. అతను మీట నొక్కాడు. ఫాదర్ గొంతు గదిలో నిండింది. "అటువంటి బిడ్డలు దేవుని దగ్గరే ఉన్నారు." ఆ వెంటనే మౌనం. తర్వాత "వాళ్లని ఆయన దయకే అప్పగిస్తాం" అన్న మాట. అంతే.

ఆశపడవచ్చన్న మాట కోసేశాడు. అతని వంక చూస్తే అతను నేల వంక చూస్తున్నాడు. పోనీ, వెళ్లిపోయే మనిషి ఈ మాట పట్టుకుని వెళ్లనీ అనుకున్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. "మళ్లీ వెయ్యండి" అంది. మళ్లీ వేశాడు.

"ఏమండీ, ఉన్నారు అన్న తర్వాత ఆ గదిలో గడియారం ఎందుకాగిపోయింది?"

ఫాదర్ గది మౌనం అతను తేలేదు కదా. స్టూడియో మౌనం ముక్క అతికించాడు. అందులో గడియారం లేదు.

ఆవిడకి కోపం రాలేదు. చెయ్యి చాపి అతని వేళ్లు పట్టుకుంది. "మీ కుట్టు ఎప్పుడూ ఇంత వదులుగా ఉండదే" అని నవ్వబోయింది. "పోనీలెండి, పెద్దాయన అనలేదు. మీరు చెప్పండి. పాప దేవుడి దగ్గర ఉందా?"

చెప్పు తమ్ముడూ అని లోపల అరుస్తూనే ఉన్నాను. ఆవిడకి పండితులు అక్కర్లేదని, ఇన్నేళ్లూ పాప మాట ఈ ఒక్కడి నోట వినాలనే ఎదురుచూసిందని నాకప్పుడు అర్థమైంది. అతనికి అర్థం కాలేదు. దొరికిపోయిన సిగ్గులో ఉన్నాడు. ఇంకో అబద్ధం ఆడకూడదనుకున్నాడు.

"అంత చదివినవాళ్లే చెప్పలేకపోయారు. నాకేం తెలుసే" అన్నాడు.

ఆవిడ అతని వేళ్లు వదిలి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మంచినీళ్లు కావాలన్న మాట తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ వారంలోనే పోయింది. రికార్డింగ్ మిషన్‌తో అబద్ధం చెప్పగలిగినవాడు నోటితో చెప్పలేకపోయాడే అని నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చేవి. అది అబద్ధమేనని ఇతనికి మాత్రం ఎవరు చెప్పారు?

కొన్నాళ్లకి పనిలోకి వచ్చాడు. ఆ రోజు వచ్చిన పండితురాలు తొలి సంఘాల ప్రార్థనల గురించి చెప్పబోతోంది. అతను ఎప్పటిలాగే చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని చెయ్యెత్తాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు. ఎత్తిన చెయ్యి ఎంతకీ దిగలేదు.

"ఉందే" అన్నాడు, మా ఎవరి వంకా చూడకుండా. "పాప అక్కడే ఉంది. నేను చెబుతున్నాను, పాప దేవుడి దగ్గరే ఉంది."

పండితురాలు బిత్తరపోయి నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. అతను కళ్లు తుడుచుకుని, మీట వెనక్కి తిప్పి, "క్షమించండమ్మా, ఈ నిమిషం పనికిరాదు, ఇంకొకటి తీసుకోవాలి" అన్నాడు.