ఆమేన్ తర్వాత పది బస్కీలు

నా మోకాళ్లను చేసిన దేవునికి స్తోత్రం. వాటిని ఎట్లా వాడాలో నేర్పడానికి ఒక కొత్త మనిషిని పంపినందుకు మరీ స్తోత్రం.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఏటా కోతల పండుగనాడు మా సంఘపు పెద్దలకూ పడుచువాళ్లకూ ఫుట్‌బాల్ పందెం జరిగేది. వరసగా రెండేళ్లు ఆట మొదలైన కాసేపటికే నా పిక్క పట్టేసి, నలుగురు నన్ను మోసుకొచ్చారు. మూడోసారీ అట్లే అయితే ఇక బంతి ముట్టనని నా భార్యకు మాటిచ్చాను.

పండుగ ఇంకో వారం ఉందనగా, ఎర్రగుంట్ల స్టేషనులో నా పక్కన ఒక ముసలి పహిల్వాన్ కూర్చున్నాడు.

"ఏమప్పా, పిక్క ఒత్తుకుంటాండావు? నొప్పా?"

"నొప్పి కాదు, భయం," అని సంగతంతా చెప్పాను.

"ఆటకు ముందు ఏం చేస్తారు?"

"అరగంట మోకాళ్ల మీద ప్రార్థన. ఆమేన్ అనగానే పరుగు."

ఆయన పడీపడీ నవ్వాడు. "తిమ్మిరెక్కిన కాళ్లతో పరుగా! దేవునికి చెప్పుకుంటిరి సరే, పిక్కలకు ఎవరు చెప్పాల? లెయ్!"

ప్లాట్‌ఫారం మీదే నన్ను నడిపించి, మోకాళ్లెత్తించి, నిదానంగా పది బస్కీలు తీయించాడు. జనం నవ్వారు గానీ నా కాళ్లు వెచ్చబడ్డాయి. "ఇదైనాకనే బంతి," అని చెప్పి ఆయన తన బండెక్కాడు.

పండుగనాడు ఆమేన్ తర్వాత పెద్దలమంతా బస్కీలు తీస్తుంటే పడుచువాళ్లు ఈలలు వేశారు. మేము ఓడిపోయాం. కానీ నేను నా కాళ్ల మీదే ఇంటికి నడిచాను.

ఆ పెద్దాయన పేరు నాకు తెలియదు, దేవునికి తెలుసు. ఆయన కోసం మీరూ నాతో మోకరించండి. లేచేటప్పుడు మాత్రం నిదానంగా లేవండి.