ముందు లేచి, తర్వాత చనిపోయిన దొర

మా మావగారు పోయి నేటికి పదిహేను రోజులు. శనివారం పొద్దున్న షిఫ్టు మొదలని కంపెనీ భోంపూ కూసింది, ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు, కుర్చీలో అలాగే పక్కకు ఒరిగారు. నొప్పి అనలేదు, నీళ్ళు అడగలేదు. టాటానగర్ అగ్రికోలో మా కంపెనీ కోటర్ల లైన్లలో ఉన్నవాళ్ళకు ఆయనను పరిచయం చేయక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం రేకుల హాల్లో దెయ్యాల పిక్చర్లు ఆడించే ముసలాయన అంటే టెల్కో కాలనీ దాకా తెలుసు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన ఎదుట నోరు విప్పని కోడలిని నేను. ఆయన గురించి ఇంత రాస్తున్నానని తెలిస్తే కూజాతో చెప్పుకుని నవ్వుకునేవారు.

ముందు ఆ కూజా సంగతి చెప్పాలి. మా శ్రీకాకుళం వైపు కుటుంబాల్లో మావగారు, కోడలు ఎదురెదురుగా మాట్లాడుకోరు. ఆయన గదిలోకి వస్తే కోడలు తలుపు చాటుకు వెళ్ళాలి. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న కోటర్లో ఎన్నిసార్లని చాటుకు వెళతాం? అందుకని ఆయన నాతో చెప్పాల్సింది నీళ్ళ కూజాతో చెప్పేవారు. "ఓలే కూజా, కాసింత చాయ్ దొరుకుతాదేటి?" అనేవారు. నేను తెచ్చి కూజా పక్కన పెట్టేదాన్ని. "కూజా, పులుసులో ఉప్పెక్కువైపోనాది" అన్నా అది నాకే. పెళ్ళయి టాటానగర్ వచ్చిన కొత్తలో దానికి ఏడుపు వచ్చేది. ఏడాది తిరిగేసరికి నవ్వొచ్చేది. నవ్వితే తప్పు గనక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఆయన కంపెనీలో ఫిట్టరు. డ్యూటీ అయ్యాక ఆయన ప్రాణమంతా హాల్లోని ప్రొజెక్టరు మిషను మీదే. మా లైన్లలోని తెలుగువాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న హాలు అది. కిటికీలకు నల్ల కంబళ్ళు, రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టిన తెర. కొత్త తెలుగు పిక్చర్లు అంత దూరం ఎవరు పంపుతారు? కలకత్తా నుంచి పాత ఇంగ్లీషు పిక్చర్లు, ఎవరూ అడగనివి, ట్రంకులో టాటానగర్ స్టేషనుకు వచ్చేవి. వాటిలో ఎక్కువ దెయ్యాలే. పాపం, డబ్బు లేని దెయ్యాలు. సమాధి పక్కన మనిషి నడిస్తే రాయి ఊగుతుంది, అది అట్ట. గబ్బిలం ఎగురుతుంటే దారం కనిపిస్తుంది. ఒక పిక్చర్లో చచ్చిన ఎముకల గూడే ఇంకో పిక్చర్లో వేరే పేరుతో లేస్తుంది.

ఇవన్నీ మావగారికి మహా ఇష్టం. స్క్రూ దొరక్కపోతే తీగతో మిషను నడిపించిన మనిషి ఆయన. "డబ్బున్నోడు నిజం కోట కడతాడు, డబ్బు నేనోడు నీడతో కడతాడు. నాకు నీడే బాగుంటాది" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "బయం, నవ్వు ఒకే కోటర్లో రెండు కాపరాలు. ఒకడు తలుపు తీత్తే రెండోవోడు తొంగిసూత్తాడు." ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదటి దెయ్యం పిక్చరు వేసిన ఆదివారం మాత్రం హాల్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఇంగ్లీషు ఎవరికి తెలుసు గనక? తెర మీద ఒకడు అరుస్తాడు, ఒకత్తి పడిపోతుంది, ఎందుకో తెలియదు. ఎందుకో తెలియకపోతే భయం రెట్టింపు. నిండు గర్భిణి ఒకామె కళ్ళు తిరిగి పడింది. నలుగురు పిల్లలకు జ్వరం తగిలింది. మా తెలుగు సంఘం సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"పెద్దాయనా, ఇలాగైతే కష్టం. జనం నన్ను తిడతన్నారు. ఇంకో గొడవైతే మిషను మన లైన్లలో కుర్ర ఎలక్ట్రీషియనుకి ఇచ్చెయ్యాల. ఆడు హిందీ భక్తి పిక్చర్లు ఏత్తానంటన్నాడు."

సెక్రటరీ గారు వెళ్ళాక మావగారు తలుపు దగ్గరకు వేశారు. తర్వాత కూజా వైపు తిరిగారు.

"ఓలే కూజా, బొబ్బిలి మిషనరీ బడిలో ఇంగిలీసు సదువుకున్నోలు ఈ ఇంట్లో ఎవులైనా ఉన్నారేటి? ఆ దొరలు ఏటంటన్నారో మనోలికి తెలిత్తే బయం తగ్గును."

మా అత్త వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. "కోడలు పిల్ల, అంతమంది మగాల ముందు గొంతెత్తుతాదా? నీకు మతి పోనాదా?"

"తెర ఎనకాల కూకుంటాది. తలుపు సాటు ఎంతో తెర సాటూ అంతే" అన్నారు ఆయన.

అత్త గరిటెతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలా నేను తెర వెనక పీట మీద కూర్చున్నాను. హాలుకు ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో వెలుతురు. నాకు బొమ్మ కుడి ఎడమలు మారి కనిపించేది. దొరలు మాట్లాడగానే నేను తెలుగులో చెప్పేదాన్ని. దెయ్యం నోరు తెరిచినప్పుడు దుప్పటి వెనక నుంచి ఆడగొంతు వినిపిస్తే ముందు వరసవాళ్ళు అదిరిపడేవారు. ఒకసారి దెయ్యం వెనక్కి తిరిగింది. వీపు మీద జిప్పు. నోరు ఊరుకోక "దెయ్యానికి దర్జీ కూడా ఉన్నాడు" అనేశాను. హాలంతా గొల్లుమంది. మావగారి నవ్వు అన్నిటికంటే పెద్దగా వినిపించింది. ఇంట్లో నవ్వకూడని నేను అక్కడ చీకట్లో కొంగు అడ్డం లేకుండా నవ్వాను.

రెండేళ్ళు బాగా గడిచింది. ఆ తర్వాత నేను కొన్ని గమనించడం మొదలుపెట్టాను. ఆయన చొక్కా గుండీలు ఒక కన్నం ఎగువకు పెట్టుకునేవారు. గ్లాసు పెట్టేముందు బల్ల అంచును వేలితో తడిమేవారు. శనివారం ట్రంకు వస్తే రీళ్ళ డబ్బాలను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, మూతల మీద నంబర్లను ముక్కుకు ఆనించుకుని చూసేవారు. నన్ను చూడగానే డబ్బా కింద పెట్టి, "దుమ్ము పట్టీసింది, కూజా" అనేవారు. కళ్ళు మసకబారుతున్నాయని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలిస్తే మిషను చేతిలో ఉండదు. ఆయనకు ఆ మిషను తప్ప వేరే వ్యసనం లేదు, బీడీ కూడా లేదు.

నేను భయపడుతున్నదే ఒక ఆదివారం జరిగింది. పిక్చరు నాలుగు రీళ్ళు. మొదటి రీల్లో కోట, వాన, కోపిష్టి దొర, ఆస్తి కోసం వచ్చిన మేనల్లుడు. రీలు మార్చడానికి లైట్లు వేశారు, మళ్ళీ ఆర్పారు. తెర మీద శవపేటిక మూత లేచింది. పిండి పూసుకున్న మొహంతో అదే దొర బయటికి వచ్చి నౌకరు గొంతు పట్టుకున్నాడు. ఈయన చచ్చిందెప్పుడు? నాకు వెంటనే అర్థమైంది. రెండో డబ్బా బదులు మూడోది ఎక్కించారు.

జనం ఆ రీలంతా అరుస్తూ చూశారు. లైట్లు వెలిగాయి. ఇక వెయ్యాల్సింది వదిలేసిన రెండో రీలు, అందులో దొర బతికే ఉంటాడు. అప్పటికే వెనక వరసలో సెక్రటరీ గారు లేచారు.

"ఏటిది పెద్దాయనా? సావకుండానే లేచేడేటి? రీలు తప్పెట్టీసినావా?"

తెర కింద సందులోంచి చూశాను. మావగారు మిషను పక్కన నిలబడి, రెండు చేతులతో డబ్బాను పొట్టకు అదుముకుని ఉన్నారు. వేళ్ళు మూత మీద నంబరు కోసం తడుముతున్నాయి. ఆ వేళ్ళను చూశాక నాకు మర్యాద గుర్తు రాలేదు.

"తప్పు కాదు, సెక్రటరీ గారూ" అన్నాను తెర వెనక నుంచి. లైట్లు వెలుగుతుండగా నేను మాట్లాడటం అదే మొదటిసారి. "కంపెనీలో కొత్త మిషను ఎట్టేముందు ట్రయల్ తియ్యరేటి? ఈ దొర కూడా అంతే. దెయ్యం డ్యూటీ తన వల్ల అవుతాదో నేదో ముందు ట్రయల్ తీసుకున్నాడు. ఫస్టుగా పాసయ్యేడు. ఇప్పుడు ఇంటికెల్లి, కడుపునిండా తిని, అసలు సావు సత్తాడు. సూడండి."

ముందుగా ఫర్నేసులో పనిచేసే మనిషి ఒకడు "ట్రయల్ తియ్యకుండా ఏదీ స్టార్టు చెయ్యకూడదు, కరెక్టే" అన్నాడు. లైట్లు ఆరాయి. తెర మీద దొర భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. "బేగి తిను దొరా, షిఫ్టు టైమైపోతంది" అని ఒకరు అరిచారు. దొర గ్లాసు ఎత్తాడు, అందులో విషం. "తాగీయ్, తాగీయ్, గేటు మూసేత్తారు" అన్నారు ఇంకొకరు. దొర గొంతు పట్టుకుని పడిపోతే చప్పట్లు కొట్టారు. పాతిపెడుతుంటే "డ్యూటీలో జాయినైపోనాడు" అన్నారు. నాలుగో రీల్లో కోట తగలబడితే నేనే "ఇంక డ్యూటీ ఆఫ్" అన్నాను. సెక్రటరీ గారు కళ్ళు తుడుచుకుంటూ మావగారి భుజం తట్టి వెళ్ళారు. పై వారం జనం వచ్చి, అదే పిక్చరు అదే వరసలో మళ్ళీ వెయ్యమన్నారు.

ఆ రోజు ఇంటికొచ్చాక మావగారు కూజా ముందు కూర్చున్నారు. నేను తలుపు చాటున ఉన్నాను. "ఓలే కూజా" అన్నారు. "ఈ రోజు ట్రయల్ దొరకి కాదు, మనకి. పాసయ్యేం." నా అయిదేళ్ళ కూతురు వచ్చి ఒళ్ళో కూర్చుంటే, "బయమేసిందేటి అమ్మలూ?" అని అడిగారు. "నహీ తాతా, భూత్ కో భూఖ్ లగీ థీ" అంది అది. దెయ్యానికి ఆకలేసిందట. ఆయన నవ్వుతూ దాని తల నిమిరారు.

ఆ పై శనివారం ట్రంకు వచ్చింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను గరిటెలో లక్క కరిగించి, డబ్బాల మూతల మీద చింతగింజలు అతికించాను. మొదటి దానికి ఒకటి, రెండో దానికి రెండు, అలా. ఆయన వచ్చి డబ్బా మీద చెయ్యి వేశారు. వేళ్ళు ఆగాయి. ఒక్కో మూత తడిమారు. "ఈ డబ్బాలకి ఎవులో బొట్టెట్టేరు, కూజా. శకునం బాగుంది" అన్నారు. అంతే మా మధ్య జరిగిన మాట. ఆ తర్వాత ఎన్నో శనివారాలు అతికించాను. ఒక్కోసారి ఏడాది కిందటి పిక్చరు కలకత్తా నుంచి తిరిగొస్తే డబ్బాల మీద నా గింజలు అలాగే ఉండేవి.

నాలుగేళ్ళ కిందట ఆయన కళ్ళకు ఆపరేషను అయింది. కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజు నేను గోడ వారగా నిలబడి ఉన్నాను. ఆయన మా అత్తను చూశారు, మా ఆయనను చూశారు, తర్వాత నా వైపు తిరిగారు. గదిలో కూజా లేదు.

"నువ్వేనా అమ్మా?" అన్నారు. "గొంతు బట్టి ఇంకాస్త పొడుగుంటావనుకున్నాను."

"లేదు మావయ్యా" అన్నాను. తొమ్మిదేళ్ళలో ఆయనతో నేను ఎదురుగా అన్న మొదటి మాట అది. ఇంటికొచ్చాక మళ్ళీ కూజాతోనే మాట్లాడారు. అలవాటు ఎక్కడికి పోతుంది? నంబర్లు చదవగలుగుతున్నారు గనక నేను గింజలు అతికించడం మానేశాను. డబ్బాల వైపు మళ్ళీ చూడలేదు.

ఇక ఆ శనివారం. ఆయనను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పాం. పొద్దెక్కక ముందే ఎండ మండిపోతోందని ఎవరో టేబులు ఫాను తెచ్చి పెట్టారు. గదినిండా ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఫాను ఇటు తిరిగేసరికి దుప్పటి గుండెల దగ్గర పైకి లేచింది. పక్కనున్న ఇద్దరు కెవ్వుమని వెనక్కి జరిగారు. మా అత్త, పొద్దున్నుంచి ఆయన కాళ్ళ దగ్గరే కూర్చున్న మనిషి, దుప్పటి వైపు చూసి నెమ్మదిగా అంది:

"ట్రయలేమో సూడండర్రా."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. అందరం నవ్వాం, అత్త కూడా, కళ్ళ నీళ్ళు కారుతుండగానే. నా చెయ్యి అలవాటుగా కొంగు కోసం వెళ్ళింది. మళ్ళీ దింపేశాను. ఆయన ముందు నేను నోరారా నవ్వాను. ఒకే కోటర్లో రెండు కాపరాలంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన వినలేదన్న బాధ తప్ప వేరే బాధ లేదు.

ఆయన చొక్కా చిలక్కొయ్యకు తగిలించి ఉంది. సాయంత్రం దాన్ని తీస్తుంటే జేబులో ఏవో గలగలమన్నాయి. నాలుగు చింతగింజలు. మర్నాటి పిక్చరు ట్రంకు ఈసారి శుక్రవారమే వచ్చి మంచం కింద ఉంది, మూత తీసి చూశాను. మొదటి డబ్బా మీద ఒక గింజ, రెండో దాని మీద రెండు, మూడో దాని మీద మూడు. లక్క ఇంకా మెరుస్తోంది. నాలుగోది ఉత్త డబ్బా. పక్కనే నా పాత గరిటె, అడుగున పొరలు పొరలుగా గట్టిపడిన లక్క. నేను మానేసినా ఆయన మానలేదు. కళ్ళు వచ్చాక వాటితో ఆయనకు అవసరం లేదు, అయినా ఈ నాలుగేళ్ళూ తనే అతికించుకున్నారు.

మైలలో ఉన్నామని ఆ ఆదివారం హాలు తెరవలేదు. నిన్న సెక్రటరీ గారు వచ్చి ట్రంకు అడిగారు. "కాసేపాగండి, ఒక డబ్బా మిగిలింది" అన్నాను. గరిటెను పొయ్యి మీద పెట్టాను. లక్క కరిగింది. ఆయన జేబులోని నాలుగు గింజలూ వరసగా నాలుగో డబ్బా మీద పెట్టి, ఆరేదాకా ఒక్కోదాన్ని వేలితో అదిమి పట్టుకుని, కూజా పక్కన కూర్చున్నాను.