పన్నెండు దసరాల గంధం

నా ఆఖరి పోస్టింగు నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి. హోదా జూనియర్ టెలికం ఆఫీసరు; అంటే లైన్‌మెన్‌కు పైవాడు, ఊరందరి తిట్లకూ కిందివాడు. రిటైరవడానికి ముందు వేసవిలో, మే నెలలో, రెడ్డిగూడెం నుంచి, కంప్యూటరుకు నెట్ అందడం లేదని, ఒకే ఫిర్యాదు మూడోసారి వచ్చింది. మా రూలు ప్రకారం మోడెమ్ దాకానే మా బాధ్యత, దాని అవతలిది ఇంటివాళ్లది. రసాలు కోతకొచ్చే రోజులు గనక రూలు పక్కనపెట్టి నేనే స్వయంగా వెళ్లాను.

ఇల్లు మామిడి రైతు వెంకటరత్నం గారిది, ఫిర్యాదు ఆయన భార్య సుగుణమ్మ గారిది. తోటలో ఏ చెట్టుకు ఎక్కడి కొమ్మతో అంటు కట్టారో, ఏది ఏ ఏడు కాసిందో పన్నెండేళ్లుగా ఆవిడ పాత కంప్యూటర్లో ఎక్కించారు. ఇప్పుడు కొత్తది కొన్నారు. పాతది పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టదు. రెంటినీ వైర్లతో మోడెమ్‌కు కలిపి ఆ ఫైళ్లు దాటించాలి. మర్నాడు పొద్దున్నే పాతసామాన్లవాడు వస్తాడు. వెంకటరత్నం గారు మాట ఇచ్చేశారు. చెట్ల సంగతంతా తనకు నోటికి వచ్చని ఆయన ధీమా. అయితే గట్టు మీది చెట్టు ఎక్కడి అంటో చెప్పమన్నారు ఆవిడ. ఆయనకు దగ్గు వచ్చింది.

పాత మిషను వెనక సాకెట్టు కాస్త బిగుతుగా ఉంది. వయసు మీద పడితే అంతేలే అనుకుని వైరును గట్టిగా నొక్కాను. ఐపీ అడ్రసు మార్చాను. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ ఉండే డోర్‌నంబరు అది. పింగ్ కొట్టాను, అంటే ఒక మిషను రెండోదాన్ని ‘ఉన్నావా’ అని పిలవడం. పలకలేదు. మూడు గంటల్లో రెండుసార్లు మజ్జిగ, ఒకసారి భోజనం అయ్యాయి గానీ పని కాలేదు. నాకు ఒళ్లు మండింది. పాత కంప్యూటర్ల జాతినంతా తిట్టి, ఇక దీన్ని పంపించేయండని చెప్పబోయాను.

అప్పుడు సుగుణమ్మ గారు నెమ్మదిగా, “వైరు పక్కన లైటు వెలగాలంటారు కదండీ. అది బొట్టు కింద ఉందేమో చూడండి” అన్నారు.

వంగి చూస్తే సాకెట్టు చుట్టూ కుంకుమ. వైరు లాగితే గట్టిపడ్డ గంధం పెళ్ల ఊడివచ్చింది. ఆయుధపూజ నాడు వెంకటరత్నం గారు ట్రాక్టరుకు, మందు కొట్టే స్ప్రేయరుకు, కంప్యూటరుకు బొట్లు పెడతారట. ముందువైపు పెడితే భార్య తుడిచేస్తోందని వెనక్కి మార్చారట.

“నోరు తెరుచుకుని ఉన్న కన్నం అదేనండీ. దిష్టి దూరుతుందని నిండుగా పెట్టాను,” అన్నారాయన.

దిష్టి సంగతేమో గానీ నెట్ మాత్రం దూరలేదు. పుల్లతో గీకి, బ్రష్షుతో దులిపి వైరు పెట్టాను. పచ్చలైటు వెలిగింది, ఫైళ్లు దాటాయి. ఆవిడ మొదట గట్టు మీది చెట్టు తెరిచి, పైకి చదివారు: “చిన్నరసం. అత్తయ్య గారు తన చేత్తో కట్టిన ఆఖరి అంటు.”

వెంకటరత్నం గారు పాతసామాన్లవాడికి ఫోన్ చేసి రావద్దన్నారు.

ఫిర్యాదు తీరాక నింపే ఫాల్ట్ డాకెట్‌లో కారణం రాయడం తప్పనిసరి. దసరా అని రాస్తే పైఆఫీసు నా ఆరోగ్యం గురించి అడుగుతుంది. ‘సాకెట్టులో బయటి పదార్థం’ అని రాశాను. వాళ్లిచ్చిన బుట్టెడు రసాల సంగతి రాయలేదు. ముందు లైటు, తర్వాతే సెట్టింగులు అని కుర్రాళ్లకు ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా మొదట వంగి లైటు చూశాను. అది కనిపించకపోతే, పూజ ఎవరు చేస్తారని అడిగాను.