మైమూనాబీ కంటి కొలత

మైమూనాబీ మనుషుల ముఖం చూడదు, కొలత చూస్తుంది. ఆమెలో చెప్పుకోవలసిన విశేషం అదొక్కటే. ఆ ఒక్కదానికే గోదావరిఖనిలో సగం కాలనీ ఆమె కంట పడకుండా తిరుగుతుంది. కాలనీ గేటు పక్కన రేకుల షెడ్డులో కుట్టు మిషను ముందు కూర్చుని, వచ్చేపోయే వాళ్లను తల నుంచి మడమ దాకా చూస్తుంది. రెప్ప వెయ్యదు. పెదవులు మాత్రం కదులుతుంటాయి. దగ్గరికి పోతే వినపడుతుంది: "పద్నాలుగు... ముప్పై ఎనిమిది... ఎడమ భుజం అర ఇంచు కిందికి..."

దర్జీ అన్నాక కొలవదా అంటారేమో. ఆమెకు ఇంకో పని ఉంది. ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు చనిపోతే స్నానం చేయించి, ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ కత్తిరించేది ఆమే. మగవాళ్లకు మూడు ముక్కలు చాలు, ఆడవాళ్లకు ఐదు కావాలి. పైసా తీసుకోదు. కాలనీలోనే ఉండే ముఖీత్ వాళ్ల నానమ్మ పోయిన రోజు, కబురందిన పావుగంటకే కత్తిరించిన గుడ్డతో వచ్చేసింది. టేపు బయటికి తియ్యనే లేదు. గుడ్డ వేలెడు ఎక్కువ కాలేదు, వేలెడు తక్కువ కాలేదు. అప్పటి నుంచి కాలనీలో ఒకటే మాట: "మైమూనాబీ కొలిచిందంటే ఏడాది తిరగదు."

సదానందం ఈ మాటకు నవ్వేవాడు. ముప్పై ఆరేళ్లు బొగ్గు గనిలో, భూమి లోపల పనిచేసి, ఓవర్‌మ్యాన్‌గా రిటైరైన మనిషి. దయ్యాలంటే ఆయనకు లెక్కలేదు, దానాలంటే ప్రాణం. బడిలో ఫ్యాన్ల రెక్కరెక్కకూ ఆయన పేరే. తిరిగితే పేరు కనపడదని, తను బడికి వెళ్లినప్పుడల్లా ఫ్యాన్లు ఆపించేవాడు. పిల్లలు చెమటలు కక్కుతూ ఆయన పేరు చదివేవారు.

పోయిన ఏడాది ఆయన కాలనీ ఊడ్చే ఆడవాళ్లు ముప్పై మందికి నారింజ రంగు రేడియం కోట్లు పంచాడు. అన్నీ ఒకే సైజు. షాపులో తానే తొడుక్కుని చూసి కొన్నాడు మరి! ఆడవాళ్లకు అవి మోకాళ్లు దాటాయి, చేతులు వేళ్లను మింగేశాయి. వాళ్లలో శోభ కోటు చెయ్యి చెత్త ఆటో తలుపులో ఇరుక్కుని, ఆటో ఆమెను పది అడుగులు ఈడ్చుకుపోయింది. అయినా కోటు లేకుంటే హాజరు వెయ్యనన్నాడు కాంట్రాక్టరు మనిషి. పిన్నీసులు పెట్టుకుని తొడుక్కునేవారు. ఇవేవీ సదానందానికి తెలియవు. ఆయన దగ్గర ఫోటో ఉంది, అందులో అందరూ బాగానే ఉన్నారు. ఈ ఏడు మళ్లీ ముప్పై కొన్నాడు, అదే సైజు. కమ్యూనిటీ హాలులో పెట్టి తాళం వేసి, తాళం చెవి కోడలు రమ చేతికిచ్చాడు.

కోట్లు పంచే సభ ఇంకా పది రోజులుందనగా, ఎండకు రోడ్డు మీద పిట్ట లేని వేళ, ఆయన షెడ్డు ముందు నుంచి పోతున్నాడు. మిషను చప్పుడు ఆగింది. మైమూనాబీ తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది.

"ఏంది మైమూనాబీ, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు సాబ్. మెడ పదిహేనున్నర ఉండె. ఇప్పుడు పద్నాలుగే."

"అయితే?"

"తగ్గుతున్నరు."

సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలింది. నేల వణికింది. బల్ల మీది కత్తెర దానంతట అది ఒక ఇంచు జరిగి, ఆయన వైపు తిరిగి ఆగింది.

ఆ సాయంత్రం ఆయన తన స్నేహితుడు మొగిలిని పట్టుకున్నాడు.

"నేను హిందువును గదరా, నన్నెందుకు కొలుస్తది?"

"గుడ్డకు గవన్ని తెల్వదన్న. పొడుగు, ఎడల్పు. అంతే."

"ఇద్దరం పోయి అడుగుదామా?"

"నువ్వే పో అన్న. నన్నింకా చూడలేదు."

మర్నాడు దవాఖానకు పోయాడు. షుగరు, బీపీ, గుండె, అన్నీ చూసి ఇరవై ఏళ్ల దాకా ఫికర్ లేదన్నాడు డాక్టరు. సదానందానికి నమ్మకం కుదరలేదు. "ఆయన కాగితాలు చూసిండు గని నన్ను చూడనే లేదు," అన్నాడు రమతో. రమ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది.

ఇక ఆయన మైమూనాబీ మీద కన్నేశాడు. తెల్లవారి హాజరుకు పోయే ఊడ్చే ఆడవాళ్లను ఆమె ఒక్కొక్కరినే కొలుస్తోంది. లెక్కపెట్టాడు. ముప్పై మంది. తనతో ముప్పై ఒకటి. ఇంతమంది ఒక్క ఏడాదిలో ఎట్లా పోతారు? ఆలోచిస్తే, నేల కుంగుతుందేమోనని కాళ్ల కిందికి పోయింది మనసు. కాలనీ కింద బొగ్గు తీయించింది తనే. ఆ ఖాళీని ఇసుకతో నింపించింది కూడా తనే. అయినా ఆ రోజు నుంచి ఇంట్లో అడుగు మెల్లగా వెయ్యడం మొదలుపెట్టాడు.

సభ రేపనగా ఉండబట్టలేక, బతిమాలుకుందామని మధ్యాహ్నం షెడ్డుకు పోయాడు. తలుపు సగం మూసి ఉంది. రేకుల సందులోంచి చూశాడు.

లోపల చీకట్లో, తాడు మీద నారింజ కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదానికి ఎడమ భుజం కిందికి ఉంది: శోభ. ఒకటి పొట్టిగా, నడుము దగ్గర వెడల్పుగా ఉంది: జమున. తల లేదు, చేతులు లేవు, కాళ్లు లేవు, కానీ ముప్పై మందీ అక్కడే నిలబడి ఉన్నారు. బ్లాస్టింగు మోగింది. కోట్లన్నీ ఒక్కసారి భుజాలు ఎగరేశాయి. తాడు చివర తెల్లటిదొకటి ఊగింది. దాని కుడి భుజం, గనిలో ముప్పై ఆరేళ్లు చేతికర్ర ఊతంతో నడిచిన తన కుడి భుజంలాగే వాలి ఉంది.

సదానందం పరుగెత్తాడు. వెనక నుంచి మైమూనాబీ కేక వేసింది.

"సాబ్! చెప్పు!"

ఆయన నడిరోడ్డు మీద ఆగి చేతులు జోడించాడు. "చెప్త! అంత చెప్త! పోయినేడు కోట్లు బేరమాడి, మిగిలిన పైసలతోని నా బ్యానరు కట్టిచ్చుకున్న. బడికిచ్చిన ఫ్యాన్లల్ల రెండు పాతయి, రంగేపిచ్చిన..."

"గది కాదు సాబ్. చెప్పు. కాలి చెప్పు. ఒకటి ఈడనే ఇడిచిపెట్టిన్రు."

షెడ్డులో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. దమ్ము తీసుకున్నాక గానీ అవి తన కోట్లేనని ఆయనకు తట్టలేదు. రమ తాళం తీసిచ్చిందట. శోభను ఆటో ఈడ్చుకుపోయిన సంగతి కూడా అప్పుడే విన్నాడు.

"నాకెవ్వరు చెప్పలేదేంది?"

"మీరు అడిగిన్రా? ఇచ్చేటప్పుడు ఫోటో దిక్కు చూస్తరు, తీసుకునేటోళ్ల దిక్కు చూడరు. పాపం, వాళ్లు ఉత్తగొచ్చినదానికి వంక ఎట్ల పెడ్తరు? టేపు తీస్తే సిగ్గుపడ్తరని కంటితోనే కొలిచిన."

"మరి... గా తెల్లది?"

ఆమె తాడు మీంచి దించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కాలరు కనపడింది, గుండీలు కనపడ్డాయి, జేబు కనపడింది. అంగీ.

"మీ ఇంట్ల అక్క పోయినంక మీ అంగీలు ఎవరు చూస్తున్నరు సాబ్? కొక్కానికి తగిలిచ్చినట్టున్నయ్. రేపు స్టేజి మీద నిలవడాలె గదా."

"నాకెందుకమ్మా?"

"ఇచ్చేటోళ్లకు ఎవ్వరేం పెట్టరని."

సదానందం అంగీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు గుండీలు తడిమాడు. "రేపు మైకుల నీ పేరు చెప్త మైమూనాబీ. అందరు ఉత్తగనే నీకు భయపడుతున్నరు."

ఆమె గాభరాగా లేచింది. "గా పని మాత్రం చెయ్యకున్రి! మీరు ఉత్తగిస్తే మెడల దండేస్తరు. నేను ఉత్తగ కుడ్తనని తెలిస్తే ఇంకో నాలుగు జాకెట్లు తెచ్చి ఒళ్లో పడేస్తరు, ఆడమనిషే గదా, ఏం పనున్నదని. భయపడనియ్యిండ్రి సాబ్. భయమున్నోళ్లు బేరమాడరు."

సభలో కోట్లు పంచుతుంటే ముప్పై మందికీ ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. శోభ రెండు చేతులూ పైకెత్తి, తిప్పి చూసుకుంది. చప్పట్లు మోగాయి. తెల్ల అంగీలో సదానందం మైకు ముందుకొచ్చి, రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నాడు. ఆయనకు జ్వరమేమోనని జనం కంగారుపడ్డారు.

వారం తరవాత ఒక పొద్దున ఆయన హాజరు తీసుకునే చోటికి పోయాడు. "వచ్చేయేడు మీకేం కావాలె? మీరే చెప్పున్రి," అన్నాడు. ముందు ఆయన వెంట వచ్చిన ఫోటోలాయన్ను చాయ్‌కి పంపమంది శోభ. పంపాడు. అప్పుడు ముప్పై మందీ ఒక్కసారే మాట్లాడారు. అన్ని మాటల్లోంచి ఆయన ఏరుకున్నది ఒకటే: వాళ్ల బాత్‌రూం తలుపుకు లోపలి నుంచి గడియ లేదు.

సదానందం కాగితం మీద రాసుకున్నాడు. రాశాక తలెత్తి ఒక్కొక్కరినే చూశాడు.

"ఎంత ఎత్తుల పెట్టియ్యాలె?"

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని, నవ్వుతూ, అందరికంటే పొట్టిదైన జమునను ముందుకు తోశారు.