పదహారణాల ఎరుపు

మా కార్ఖానాలో నా ఎడమ కన్నుకు ఒక హోదా ఉండేది. గుజరాతీల గడ్డ మీద, ఉధ్నాలో, ఇరవై నాలుగు మగ్గాల షెడ్డు మా సేఠ్‌ది. మగ్గం దిగిన ప్రతి చీరా నా బల్ల మీదికి రావలసిందే. అడుగున ట్యూబులైటు వెలిగే ఏటవాలు అద్దపు బల్ల అది. రెండు చేతులతో చీరను లాగుతూ, కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో చూస్తాను. తెగిన పోగూ, నూనె మరకా, రంగు తేడా ఏదీ తప్పించుకోలేదు. కుడి కన్నే ఎందుకు మూస్తావంటే, నాకు పని నేర్పినాయన అలాగే మూసేవాడు. ఆయన కుడి కంట్లో పువ్వు ఉండేదని, అది మూసినా తెరిచినా ఆయనకు ఒకటేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి అలవాటు ముదిరిపోయింది.

ఒక రోజు మా బామ్మర్ది మగ్గం నుంచి పదకొండు ఎర్ర చీరలు వచ్చాయి. మా ఆవిడ తమ్ముడు వాడు. ఊరి నుంచి నేనే తీసుకొచ్చి మగ్గం మీద నిలబెట్టాను. గోడాదరాలో మా పక్క గదిలోనే ఉంటాడు. మొదటి చీర పరిచాను. ఎరుపు చచ్చిపోయి ఉంది, పదేళ్లు ఉతికి ఆరేసిన చీరలాగా. రెండోదీ అంతే, పదకొండోదీ అంతే. వీడు రంగు వెలిసిన పాత లాటు నూలు కోన్లు ఎక్కించాడని తేల్చేసి, చీర చీరకూ రెండో రకం సరుకని ‘సెకండ్’ చిట్టీ అంటించాను.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. “గిదేంది బావా? అన్నీ కొత్త కోన్లే ఎక్కించిన. అక్క మీద ఒట్టు!”

“మీ అక్క మీద ఒట్టు పెడితే రంగస్తదా? ఇరువై ఏండ్ల సంది సూస్తున్న. నా కన్నుకే జెప్తవారా?”

“అయితె ఆ కన్నుకే ఏమన్న అయ్యిందేమో, దవఖానల సూపిచ్చుకో!”

షెడ్డంతా వింది. మగ్గాల మోతలో పక్కవాడి కేక కూడా వినబడని చోట ఈ మాట మాత్రం అందరికీ ఎలా వినబడిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఒళ్లు మండి, వాడితో మాట్లాడడం మానేశాను.

నిజానికి నాలుగు రోజులుగా ఎడమ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పిగా ఉండేది. నూలు దుమ్ము పడిందనుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ చాయ్ ఇస్తుంటే, అలవాటు కొద్దీ కుడి కన్ను మూసి ఆమె మొహంలోకి చూశాను.

“ఏమే, గోధుమరంగు బొట్టు పెట్టినవేంది?”

“పొద్దుగాల మా తమ్మునితోటి కొట్లాట, ఇప్పుడు నా బొట్టుతోటా? కుంకుమే పెట్టిన.”

కుడి కన్ను తెరిచాను. బొట్టు ఎర్రగా ఉంది. మూశాను. గోధుమరంగు. తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను.

మా ఆవిడ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, “పిల్లలు బయటనే ఉన్నరు. ఈ వయసుల కన్నుగొట్టుడేందయ్యా?” అంది. సిగ్గు కూడా పడినట్టుంది. నాకు మాత్రం పొద్దుటి చీరలు గుర్తొచ్చాయి. పదకొండు చీరలూ శుభ్రంగా ఉన్నాయన్నమాట.

వెంటనే వెళ్లి బామ్మర్ది దగ్గర ఒప్పుకున్నానా అంటే, లేదు. ముందు డాక్టరు ఏమంటారో చూద్దాం, ఒకవేళ నా కన్నూ పాడై, చీరలూ పాడై ఉండొచ్చేమో అని కూడా ఆలోచించాను. నా కన్ను మీద నాకు అంత నమ్మకం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కంట్లోకి లైటు కొట్టి చాలాసేపు చూసి, ఒక ఎర్రటి సీసా మూత నా కుడి కన్ను ముందు పెట్టి హిందీలో అడిగింది. “ఈ కంటికి ఇది పదహారణాల ఎరుపు అనుకోండి. ఆ కంటికి ఎన్ని అణాలు?”

“ఇది ఎరుపు కాదు మేడమ్, టమాటా. ఎరుపంటే ఇంకాస్త ముదురుండాలి.”

“అణాలు చెప్పండి,” అంటూ మూతను ఎడమ కన్ను ముందుకు జరిపింది.

“ఆరు.” ఆమె రాసుకోబోతుంటే మనసొప్పలేదు. “ఆరున్నర రాయండి మేడమ్.”

కంటి నుంచి మెదడుకు కబురు మోసే నరం వాచిందని చెప్పింది. అది వాస్తే ముందు దెబ్బ తినేది రంగులట, అందులోనూ ఎరుపట. ఆసుపత్రిలో చేరి సెలైన్‌తో మందు ఎక్కించుకుంటే త్వరగా తేరుకుంటుందట. “చూపు మళ్లీ మామూలుగా వస్తుందా?” అని అడిగాను. చాలామందికి చాలావరకు వస్తుంది, మీకెంత వస్తుందో ముందే చెప్పలేనంది. సేఠ్‌కు ఫోన్ చేస్తే, కన్ను వస్తే బల్ల నీదే, రాకపోతే ప్యాకింగ్‌లో కూర్చో అన్నాడు. మడతలు పెట్టుకుంటూ ఇంకొకడి కన్ను పాస్ చేసిన చీరలను అట్టపెట్టెల్లో సర్దడం నా వల్ల కాదు. ఏడుపొచ్చింది. ఆ పూటే ఆసుపత్రిలో చేరాను.

వాపు అనే మాటతో ఇంకో తంటా వచ్చింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ నా రెప్ప పైకెత్తి ఫోన్ లైటు కొట్టడమే. “యాడ వాచింది? మంచిగనే ఉన్నది గద!” అని పెదవి విరిచేవాళ్లు. మా షెడ్డు మనిషి ఒకడైతే మా ఆవిడను పక్కకు పిలిచి, “నిజం జెప్పక్కా, నువ్వే గుద్దినవా?” అని అడిగాడు. మా ఆవిడేమో నా రెప్పల మీద ఆముదం రాద్దామని చిన్న సీసా తెచ్చి నర్సుకు దొరికిపోయింది. మందు మహిమ వల్ల నాకు ఆకలి మాత్రం రాక్షసుడిలా వేసేది. పక్క మంచాల వాళ్లు వదిలేసిన రొట్టెలు కూడా నేనే తిన్నాను.

పరీక్ష గది ముందు బెంచీ మీద కూర్చుంటే తెలిసింది, ఈ నరం వాయడానికి ఎన్ని దారులో. డిండోలిలో ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే మన తెలుగావిడ ఒకామెకు తలలో నీటి ఒత్తిడి పెరిగి రెండు నరాలూ వాచాయి. వంగి లేస్తే ఒక్క క్షణం కళ్ల ముందు చీకటట. నడుము దగ్గర సూది పెట్టి నీళ్లు తీశారు, బరువు తగ్గమన్నారు. “కండ్లు వాస్తే పొట్ట తగ్గించుమంటరేంది తమ్మీ?” అని నన్నడిగింది, ఒళ్లో శనగపిండి గాఠియా పొట్లం దాచుకుని. తగ్గితే చూపు నిలుస్తుందని డాక్టరమ్మ చెబితే, పొట్లం నాకిచ్చేసింది. తినేశాను.

వజ్రాలు సానబట్టి మానేసిన ఒక గుజరాతీ పెద్దాయనకు ఒక ఉదయం లేచేసరికి ఒక కంట్లో కింది సగం చూపు లేదు. రెండో కన్ను అంతకుముందే అలాగే పోయిందట. నరానికి రక్తం అందలేదన్నారు. ఆయన భోజనం కంచాన్ని నుదుటి దాకా ఎత్తి, కూర ఏమిటో చూసుకుని, మళ్లీ దించుకుని తినేవాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. “నాది ఇక రాదు బేటా. మొహాలు కనిపిస్తున్నాయి, చాలు” అన్నాడు. ఆ పూట నేను రొట్టె ముట్టలేదు. నాకు నిజంగా భయం వేసింది.

అందుకే ఇంకో ఏర్పాటు మొదలుపెట్టాను. ఎడమది రాకపోతే కుడి కంటితో చూడాలి, అంటే ఎడమది మూయడం నేర్చుకోవాలి. ఎంత ప్రయత్నించినా ఎడమ కన్నొక్కటే మూతపడదు. రెండూ మూతపడతాయి, లేదా నోరు వంకర పోతుంది. మంచం మీద కూర్చుని రోజంతా సాధన చేశాను. ఎదురుగా బల్ల దగ్గర ఉండే నర్సు చివరికి మా ఆవిడను పిలిచి నా మీద ఫిర్యాదు చేసింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు రెండు కళ్లూ వాటంతటవే మూతపడ్డాయి.

మూడో రోజు బామ్మర్ది టిఫిన్ డబ్బాతో వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. నేనే నోరు తెరిచాను. “చీరలు మంచియేరా. నా కన్నే సెకండ్ మాల్.”

వాడు నవ్వబోయి ఏడ్చాడు. “చిట్టీలు ఇంక పీకలే బావా. నువ్వంటించినవ్, నువ్వే అచ్చి పీకాలె.”

తర్వాతి వారాల్లో ఎర్ర మూత పది అణాలైంది, పన్నెండైంది, పద్నాలుగు దగ్గర ఆగింది. ఆ రెండణాలు రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. ఆ పద్నాలుగు అణాలతోనే షెడ్డుకు వెళ్లాను. అందరి ముందూ పదకొండు చిట్టీలూ పీకాను. బల్ల ఎవరిదో తేల్చడానికి సేఠ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బామ్మర్ది అప్పుడే మగ్గం దించిన ఎర్ర చీర తెచ్చి బల్ల మీద పరిచాడు.

కుడి కన్ను మూశాను. ఒళ్లు బాగుంది, కొంగు బాగుంది. జాకెట్ ముక్క దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున ఒక పట్టీ, రంగు కాస్త తక్కువ. తప్పు చీరదా, నాదా? కుడి కన్ను తెరిచాను. పట్టీ అక్కడే ఉంది. కానీ ఒకసారి ఇదే బల్ల ముందు వీడి పరువు తీశాను, మళ్లీ ఏ మొహంతో చెప్పను?

“మంచిగనే ఉన్నదిరా,” అన్నాను.

వాడి మొహం వాడిపోయింది. “జర మంచిగ సూడు బావా.”

“సూసిన.”

“ఇంకోపాలి సూడే బావా, నీ కాల్మొక్త.” వాడి కళ్లలో నీళ్లు.

ఇక ఆపుకోలేకపోయాను. “జాకెట్ ముక్కల నాలుగు వేళ్ల పట్టీ. పాత లాటు కోను ఎక్కించినవ్, గాడిద!”

“ఎక్కించిన బావా! కావాలనే ఎక్కించిన!” వాడు బల్ల చుట్టూ ఎగిరాడు. “మా బావ కన్నచ్చింది!” అని మగ్గాలన్నిటికీ వినబడేలా అరిచి, నా చేతిలోంచి సెకండ్ చిట్టీ లాక్కుని తన చొక్కాకే అంటించుకున్నాడు. అలాగే వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఇరవై ఏళ్లలో నేను ఎన్నో తప్పులు పట్టాను, పట్టినందుకు నన్నెవరైనా కౌగిలించుకోవడం అదే మొదటిసారి.