అడగండి మాస్టారు

మా సాంఘికశాస్త్రం మాస్టారు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ ప్రశ్నకీ, ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి చివర్లో చెప్తాను.

జవాబులు తెలియక కాదు. తెలిసినా ఆయన నోట రప్పించడం ఎవరి తరమూ కాదు. ఏది అడిగినా, "నన్నెందుకు అడుగుతారు? తెలిసినవాళ్ళని వెళ్ళి అడగండి" అనేవారు. దాంతో ఆయన అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. బడంతటికీ ఆయన అడగండి మాస్టారు.

ఒకసారి మా క్లాసువాడు, గొంతు పెద్దదని మేమంతా మైకు అని పిలిచే కుర్రాడు, "మాస్టారూ, టైమెంతయింది?" అన్నాడు. మాస్టారి చేతికి గడియారం ఉంది. అది నడుస్తోంది కూడా.

"గంట కొట్టే తాతని అడుగు. ఆయనకెలా తెలుసో అదీ కనుక్కునిరా."

మైకు వెళ్ళాడు. తాత హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలోని గోడగడియారం చూసి గంట కొడతాడట. మైకు అక్కడికీ వెళ్ళి, ఆ గడియారానికి టైమెలా తెలుసని అడిగాడు. తాత గంట కొట్టినప్పుడల్లా ఆవిడ గడియారాన్ని సరిచేసుకుంటారట. ఆ రోజు మా బడిలో టైమెంతో ఎవరికీ తెలియదని తేలింది. మాస్టారు మాత్రం బట్టతల నిమురుకుంటూ పండగ చేసుకున్నంత సంబరపడ్డారు.

ఇంట్లోనూ ఇదే వరస. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని భార్య అడిగితే, "పక్కింటి వదినగారిని అడుగు, ఆవిడకి మన మీద మొహమాటం లేదు" అనేవారట. "మా ఇంట్లో వంట ముందు పక్కింటావిడ తింటుంది, మిగిలితే ఈయన తింటారు" అని ఆవిడ నవ్వుతూనే చెప్పుకునేది.

నేను ఆ బడిలో సంవత్సరం మధ్యలో చేరాను. మేం సరిహద్దు దాటి వచ్చినవాళ్ళం. బడికి వెళ్ళే వీధి మూలమీద మా నాన్న ఒక చిన్న కొట్టు అద్దెకి తీసుకుని గొడుగులు, సంచుల జిప్పులు బాగుచేసేవాడు. బాగుచేసేవాడు అంటున్నాను గానీ, మొదట్లో బాగుచేయడానికి ఎవరూ ఏమీ తెచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు కూడా ముందు, "ఏ ఊరు మీది? ఎక్కడినుంచి వచ్చారు? ఎప్పుడు వెళ్ళిపోతారు?" అని అడిగి, జవాబులు విని, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

నాకూ అవే ప్రశ్నలు. బస్సులో అవే, కుళాయి దగ్గర అవే, ఆసుపత్రి కిటికీ దగ్గర అవే. చెప్పి చెప్పి నా జవాబులు నాకే అబద్ధాల్లా వినిపించేవి. ఒక్క మాస్టారే నన్ను ఏమీ అడగలేదు.

మొదట్లో హాయిగా అనిపించింది. తర్వాత భయమేసింది. గది ఊడ్చే ఆయాని, కిటికీలోంచి తొంగిచూసే పిల్లిని కూడా వదలకుండా ప్రశ్నలడిగే మనిషి నన్నొక్కదాన్నే అడగడం లేదంటే, నన్ను క్లాసులో లెక్కేసుకోవడం లేదనేగా. నా పక్కదాన్ని అడుగుతారు, నన్ను దాటి మైకుని అడుగుతారు. ఆయన చూపు నా మీదకి వచ్చిన ప్రతిసారీ నేను నిటారుగా కూర్చునేదాన్ని. ఆ చూపు మర్యాదగా పక్కకి జరిగిపోయేది.

అలాంటి రోజుల్లో ఆ పాఠం వచ్చింది. 'మనమెవరం?' అని పాఠం పేరు. ఈ దేశస్థుడంటే ఎవరో చివర లావుపాటి అక్షరాల్లో మూడు వాక్యాలుండేవి. మిగతా సెక్షన్లవాళ్ళు ఒక పూటలో బట్టీపట్టేశారు.

"ఈ మూడు వాక్యాలు రాసినాయన మనకి దొరకడు" అన్నారు మాస్టారు. "దొరికేవాళ్ళని అడుగుదాం. ఈ దేశస్థుడంటే ఎవరో ఎవరికి తోచింది వాళ్ళు ఒక్క వాక్యంలో రాసుకోండి. దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్ళండి. మీ వాక్యం వల్ల లెక్కలోంచి జారిపోయే మనిషి ఒక్కరైనా ఉన్నారేమో వెతకండి. దొరికితే, ఆ మనిషి మొహం మీద ఆ వాక్యం చదివి వినిపించి రండి."

"అంత దూరం ఎందుకు మాస్టారూ, క్లాసులోనే ఉంటే?" అన్నాడు మైకు. నా వైపు చూడలేదు. కానీ నా చెవులు వేడెక్కాయి.

"క్లాసులోవాళ్ళ మీద పనికొస్తుందా? మొహమాటాలుండవా? బయటే."

మైకు వాక్యం, 'ఇక్కడ పుట్టినవాడే ఈ దేశస్థుడు'. మర్నాడు ఉసూరుమంటూ వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ పుట్టింది సరిహద్దు అవతలట. పెళ్ళయ్యాక వచ్చిందట. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

"చదివి వినిపించావా?" అన్నారు మాస్టారు.

"వినిపించాను."

"ఏమందావిడ?"

"రాత్రి అన్నం కూడా ఈ దేశస్థులే వండిపెడతార్లే, పడుకో అంది."

ఇంకో అమ్మాయి, 'జాతీయగీతం తప్పుల్లేకుండా పాడగలిగినవాళ్ళు' అని రాసుకుని వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌గారిని పాడమంది. ఆవిడ రెండో చరణంలోంచి పొరపాటున మొదటి చరణంలోకే వచ్చి, అక్కడినుంచి బయటపడలేక దగ్గుతో ముగించారు. ఆవిడ ముందు ఆ వాక్యం చదవడానికి మాత్రం ఆ అమ్మాయికి ధైర్యం చాలలేదు. 'దేశం కోసం ప్రాణాలిచ్చేవాళ్ళు' అన్న వాక్యం ఆఫీసు గుమాస్తాగారి దగ్గర ఆగిపోయింది. ఆయన బాగా ఆలోచించి, "ఆదివారాలు మాత్రం నాకు వీలుపడదు" అన్నాడు.

అలా రోజుకో వాక్యం పాడైపోయేది. నేను మాత్రం ఏ వాక్యమూ రాయలేదు. రాయమని ఆయనా అడగలేదు.

ఈలోగా మా నాన్నకి కొత్త తలనొప్పి మొదలైంది. ఊళ్ళో జనమంతా ఆయన్నే దారి అడుగుతున్నారు.

"గ్రంథాలయం ఎటని అడుగుతారు, పళ్ళ డాక్టరు ఎక్కడని అడుగుతారు. ఊళ్ళోవాళ్ళకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది తల్లీ?" అనేవాడు.

"తెలీదని చెప్పేస్తే పోలా?" అంది అమ్మ.

"అంత నమ్మకంగా వచ్చి అడుగుతుంటే తెలీదని ఎలా చెప్పను? ఇవాళైతే పోస్ట్‌మాన్ వచ్చి పోస్టాఫీసు ఎక్కడని అడిగాడే."

"యూనిఫాంలోనా?"

"యూనిఫాంలోనే. చేతిలో ఉత్తరాల కట్ట కూడా ఉంది."

తెలీదనడానికి నామోషీ వేసి, నాన్న సెలవురోజుల్లో నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. ఏ వీధి ఏ వీధిలో కలుస్తుంది, ఏ మెట్లు వానకి జారతాయి, ఏ ఇంటి కుక్క అరుస్తుందే తప్ప కరవదు, అన్నీ నోటికొచ్చేశాయి. దారి అడిగినవాళ్ళు కాస్త నిలబడేవారు. నిలబడినవాళ్ళకి తమ గొడుగు ఊచ విరిగిందని గుర్తొచ్చేది. కొట్టు ముందు విరిగిన గొడుగులు గుత్తులుగా వేలాడసాగాయి.

అప్పుడే ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారన్న కబురొచ్చింది. ఆయన అన్ని బళ్ళలోనూ ఆ లావుపాటి మూడు వాక్యాలే అడుగుతున్నారట. హెడ్‌మిస్ట్రెస్‌గారు మా గది గుమ్మం దగ్గరికి పరుగున వచ్చారు.

"మాస్టారూ, మీవాళ్ళకి ఆ మూడు ముక్కలూ వచ్చా?"

"వాళ్ళనే అడగండి మేడమ్."

ఆవిడ మైకు మొహం చూసి అడగడం మానుకున్నారు. గొంతు తగ్గించి, "పోనీ ఆ కొత్తమ్మాయిని ఆ ఒక్కపూటా ఇంటిదగ్గర ఉండమనండి. అసలే ఈ పాఠం. ఆయన పొరపాటున ఆ అమ్మాయినే లేపితే బాగోదు" అన్నారు. ఆవిడ గొంతు తగ్గించినా నాలుగు బెంచీల అవతలికి వినిపిస్తుంది. నా బెంచీ గుమ్మం పక్కనే.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "ఆ మాట ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి మీరే చెప్పండి మేడమ్. మా క్లాసులో పద్ధతి అదే."

హెడ్‌మిస్ట్రెస్‌గారు నా వైపు రెండడుగులు వేశారు. నోరు తెరిచారు. "నీ జడ బాగుందమ్మా" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు తడిసిన గొడుగు మూల నిలబెట్టి, మైకుని లేపారు. "ఈ దేశస్థుడంటే ఎవరోయ్?"

"తెలీదు సార్" అన్నాడు మైకు, గది అదిరేలా. "ఇప్పటిదాకా అనుకున్నవన్నీ పాడైపోయాయి సార్."

హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు నల్లబల్ల వైపు చూశారు. ఇన్‌స్పెక్టరుగారి వేలు బెంచీలన్నీ తిరిగి నా దగ్గర ఆగింది. "నువ్వు చెప్పమ్మా."

లేచాను. ఆ మూడు వాక్యాలూ నాకు వచ్చు. నేనూ రహస్యంగా బట్టీపట్టాను. కానీ వాటిలో మేం ముగ్గురం ఎక్కడా లేం. అవి నా నోటితో చెప్పానంటే అమ్మానాన్నల మొహాల మీద చదివినట్టే. మాస్టారి వైపు చూశాను. ఈసారి ఆయన చూపు పక్కకి జరగలేదు.

"సార్, ముందు నేనొకటి అడగొచ్చా?" అన్నాను.

"అడుగు" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"స్టేషన్ నుంచి మా బడికి దారి ఎవరిని అడిగారు సార్?"

"మూలమీద గొడుగులాయన్ని."

"ఆయనెవరో కనుక్కున్నాకే అడిగారా?"

"కనుక్కోవడమేమిటి? దారి ఊరివాళ్ళనేగా అడుగుతాం. ఆయన ఈ వీధుల్లోనే పుట్టి పెరిగినట్టు చెప్పాడు. మెట్లు జారతాయి, పట్టుకుని దిగమన్నాడు. కుక్క గురించి కూడా చెప్పాడు."

"ఆయన మా నాన్న సార్. మేం వచ్చి ఇంకా ఏడాది కాలేదు."

వెనకనుంచి మైకు, "మాస్టారూ, దొరికింది, రాసుకోండి. దారి అడిగితే చెప్పగలిగినవాళ్ళు" అన్నాడు.

"దొరికిందని అప్పుడే ఎలా అంటావు? వీధిలోకి పట్టుకెళ్ళు. దారి తెలియని ఈ దేశస్థులు ఉన్నారేమో అడిగిరా."

"నేనే ఉన్నానయ్యా" అని ఇన్‌స్పెక్టరుగారు నవ్వేశారు. నవ్వుతూనే, "అన్నట్టు మాస్టారూ, నిన్న ఫోన్ చేసి బడికి దారి అడిగితే మీరు చెప్పలేదేం? మూలమీద గొడుగులాయన్నే అడగమని మరీమరీ చెప్పారు" అన్నారు.

మాస్టారు కిటికీ తలుపు గొళ్ళెం సరిగ్గా ఉందో లేదో చూడసాగారు. అది మొదటినుంచీ సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం కొట్టు దగ్గర పోస్ట్‌మాన్‌ని పట్టుకున్నాను. "పోస్టాఫీసు ఎక్కడో నాకు తెలీదా అమ్మాయ్?" అన్నాడతను. "ఉత్తరం ఇవ్వడానికి వెళ్తే మీ మాస్టారే అన్నారు, నీకు తెలుసులే, గొడుగులాయనకి తెలుసేమో కనుక్కుని చూడు అని. నన్నొక్కణ్ణేనా, సగం ఊరిని పంపారు." నాన్నని అడిగితే ఇంకో ముక్క బయటపడింది. అందరికంటే ముందు దారి అడిగింది ఒక బట్టతలాయనట. చేతిలో కొత్త గొడుగు పెట్టుకుని, ఎదురువీధిలోని తన ఇల్లెక్కడో చెప్పమన్నాడట. తెలియక నాన్న ఆయనతో కలిసి వీధంతా వెతికాడు. ఇల్లు దొరికాక ఆయన ఆశ్చర్యపోయి, లోపలికి రమ్మని టీ ఇప్పించాడట.

మర్నాడు అందరూ వెళ్ళాక మాస్టారి బల్ల దగ్గర నిలబడ్డాను. "అందరినీ అడుగుతారు కదా మాస్టారూ, నన్నెప్పుడూ ఒక్క ప్రశ్నా అడగలేదేం?"

ఆయన అలవాటు కొద్దీ, "నన్నెందుకు" అని మొదలుపెట్టి ఆగారు. కాసేపు చేతి గడియారం తిప్పుకున్నారు.

"నిన్ను అడిగేవాళ్ళు అప్పటికే ఎక్కువైపోయారు అమ్మాయ్. ఒక్కచోటైనా నువ్వు అడుగుతావేమోనని చూస్తూ కూర్చున్నా."

అన్న తర్వాత, తాను చేసిన పనేమిటో అర్థమై గుమ్మం వైపు కంగారుగా చూశారు. "నేను జవాబు చెప్పానని బయట ఎవరితోనూ అనకు. పరువు పోతుంది."

ఇన్నేళ్ళూ అనలేదు. ఇప్పుడు నేను అదే ఊళ్ళో ఉంటున్నాను. నాన్న కొట్టు పక్కన ఇంకో కొట్టు కూడా తీసుకున్నాడు. రిటైరైన మాస్టారు రోజూ సాయంత్రం అక్కడికి వచ్చి కూర్చుంటారు. మొన్న నేను అటుగా వెళ్తుంటే పిలిచారు.

"అమ్మాయ్, మా ఇంటికెలా వెళ్ళాలి?"

"ఎదురువీధిలో నాలుగో ఇల్లు మాస్టారూ, ఆకుపచ్చ తలుపు."

"నీకెలా తెలుసు?"

"నన్నెందుకు అడుగుతారు? లోపల మా నాన్న ఉన్నాడు, అడగండి" అన్నాను. ఆయన బుద్ధిగా లేచి, అడగడానికి లోపలికి వెళ్ళారు.